గవ్రీల్ పేరు ఏ వైపు రాయాలి

వలేని, మరమూరెష్ కొండలు
1993 ఫిబ్రవరి 25

చెల్లీ దొమ్నికా,

నువ్వూ అవ్రామ్ మరిదీ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ ఆవు ఈనింది, పెయ్యదూడ. నా మోకాళ్ళు మాత్రం చలికి ఈసారి కూడా నన్ను వదల్లేదు. కానీ నేను కాగితం తీసింది ఇవి రాయడానికి కాదు.

పోయిన శనివారం చనిపోయినవాళ్ళ శనివారం కదా. అందరిలాగే గోధుమలు ఉడికించి, అక్రోటు పప్పు చల్లి, కొవ్వొత్తి, ఫాదర్ ప్రార్థనలో చదివే పేర్ల చీటీ పట్టుకుని చర్చికి వెళ్ళాను. చీటీ ఎప్పటిలాగే రాశాను. కుడి పక్క సిలువ గుర్తు కింద పోయినవాళ్ళు: అమ్మ, నాన్న, మా ఆయన. ఎడమ పక్క బతికున్నవాళ్ళు: నువ్వు, అవ్రామ్, నా కొడుకు గవ్రీల్. ఐదేళ్ళుగా ఇదే చీటీ.

కొత్తగా వచ్చిన ఫాదర్ ఇరిమీయ కుర్రవాడు, గడ్డం కూడా ఇంకా నిండలేదు. చీటీ చూసి మెల్లగా నన్ను పక్కకు పిలిచాడు. "సవేతమ్మా, ఐదేళ్ళయింది. ఈసారి గవ్రీల్‌ని ఇటు పక్క రాద్దామా? పాపం, అతని ఆత్మ కోసం ప్రార్థన చేసేవాళ్ళు ఎవరూ లేరు" అన్నాడు. మంచిగానే అన్నాడులే. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ నోటితో నా కొడుకును పూడ్చిపెట్టకండి ఫాదర్" అని చీటీ లాక్కుని అందరూ చూస్తుండగా బయటికొచ్చేశాను. గోధుమలు తెచ్చి కోళ్ళకు పోశాను. పాపమే. కోళ్ళు మాత్రం పండగ చేసుకున్నాయి.

బతికున్నవాణ్ణి పోయినవాళ్ళ వైపు రాస్తే ఏమవుతుందో అమ్మ చెప్పేది, నీకూ గుర్తుండే ఉంటుంది. ఆ మనిషి ఆ ఏడాది దాటడు. నేను కన్నతల్లిని, నా చేత్తో ఎలా రాస్తానే?

పక్క ఊరి మరీన కొడుకు కూడా అప్పట్లో మనవాడిలాగే పారిపోయాడు. ఎవర్నీ దేశం దాటనివ్వని ఆ పాత సర్కారు రోజుల్లో డాన్యూబ్ నది ఈది అవతలి దేశం ఒడ్డు చేరినవాళ్ళు ఒకరా ఇద్దరా! ఆరేళ్ళ తర్వాత, ఇదిగో, పోయిన నెల జర్మనీ నుంచి ఉత్తరం రాశాడట, పెళ్ళి కూడా అయిందట. మనవాడికి ఉత్తరం రాయడమంటే చిన్నప్పటి నుంచీ బద్ధకం. 

వాణ్ణి ఆఖరున చూసిన మనిషివి నువ్వు. ఆగస్టులో నీ ఇంట్లో రెండు రోజులున్నాడు, తర్వాత తిమిషోర బస్సెక్కాడు అన్నావు. ఏమీ అనుకోకుండా ఇంకొక్కసారి చెప్పు. ఏ చొక్కా వేసుకున్నాడు? నా గురించి ఏమైనా అన్నాడా?

దేవుడితో మాట మానేశాను. పటం ముందు దీపం కూడా వెలిగించడం లేదు. ఆయనకు నా అవసరం లేనప్పుడు నాకు మాత్రం ఏం పని?

నీ అక్క,
సవేత

—

ఒర్షోవ, డాన్యూబ్ ఒడ్డు
1993 మార్చి 8

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. చర్చి మానకు అక్కా, నీకు దండం పెడతాను. ఆ ఫాదర్ చిన్నవాడు, తెలియక అన్నాడనుకో. నువ్వు దేవుడితో పంతం పట్టి ఏం సాధిస్తావు చెప్పు?

గవ్రీల్ సంగతి ఎన్నోసార్లు చెప్పాను కదా. బస్సెక్కాడు. నీలం చొక్కా. అమ్మను జాగ్రత్తగా చూసుకోమని చెప్పు పిన్నీ అన్నాడు. అంతే అక్కా, అంతకంటే నాకేం తెలుసు?

అవ్రామ్ దగ్గు తగ్గలేదు. ఓడరేవులో పని మాన్పించాను. నువ్వు ఇటు వస్తానని అప్పుడప్పుడూ అంటుంటావు, ఈ చలిలో రావద్దు. రైళ్ళు అధ్వానంగా ఉన్నాయి. ఎండలు ముదిరాక నేనే వస్తాను. అప్పటిదాకా మోకాళ్ళకు ఆ బాతు కొవ్వు రాసుకో, మరిచిపోకు. పెయ్యదూడకు ఏం పేరు పెట్టావో రాయనేలేదు.

నీ చెల్లి,
దొమ్నిక

—

తిమిషోర రైల్వే స్టేషన్, విశ్రాంతి గది
1993 మార్చి 27

దొమ్నికా,

నువ్వు రావద్దన్నా వచ్చాను. రెండు రైళ్ళు మారి, ఒళ్ళు హూనమై, నిన్న మధ్యాహ్నం నీ ఇంటికి చేరాను. నువ్వు సంతకు వెళ్ళావట. అవ్రామ్ నన్ను చూసి గతుక్కుమన్నాడు. "కూర్చో వదినా, టీ పెడతాను" అని వంటింట్లోకి పారిపోయాడు.

పటం దగ్గర దీపం కొండెక్కుతుంటే వత్తి సరిచేద్దామని లేచాను. పటం వెనక చీటీల కట్ట. నీ రాత నాకు తెలియదా? పదహారో ఏట నీకు ప్రేమలేఖలు కూడా నేనే దిద్దిపెట్టాను కదే! సిలువ గుర్తు కింద అమ్మ, నాన్న, మా ఆయన, తర్వాత గవ్రీల్. ఒక్కటి కాదు. అన్ని చీటీల్లోనూ. అన్నిటికంటే పాతదాని మీద 1988 సెప్టెంబరు అని ఉంది.

వాడు ఇల్లు దాటి నెల తిరగకుండానే రాశావు. నేనింకా వాడి చొక్కాలు ఉతికి మడతపెడుతున్న రోజులవి. ఊళ్ళో ప్రతి ఆదివారం బతికినవాళ్ళలో వాడి పేరు నేను చదివిస్తుంటే, అక్కడ నువ్వు పోయినవాళ్ళలో చదివిస్తున్నావు. నా ప్రార్థన ఎలా పైకి వెళ్తుంది? పెన్సిల్‌తో చంపావు నా కొడుకును. ఐదేళ్ళూ, ఆదివారం ఆదివారం చంపావు.

టీ తాగలేదు. అవ్రామ్‌తో మాట్లాడలేదు. స్టేషన్‌కు వచ్చేశాను. ఇక నాకు ఉత్తరాలు రాయకు. నీకు అక్క లేదనుకో.

సవేత

—

ఒర్షోవ
1993 ఏప్రిల్ 3

అక్కా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను, చింపెయ్యి.

చీటీలు నేనే రాశాను. ఎందుకు రాశానో కాగితం మీద పెట్టే ధైర్యం నాకు లేదు. నీ మీద పగతో మాత్రం కాదు. ఆ సంగతి నీకు తెలిస్తే చాలు.

దొమ్నిక

—

వలేని
1993 ఏప్రిల్ 24

దొమ్నికా,

క్రీస్తు లేచాడు.

ఈ పస్కా పండగ పలకరింపుతో ఉత్తరం మొదలుపెడతానని నువ్వు అనుకుని ఉండవు. నేనూ అనుకోలేదు. నీ మీద కోపం తగ్గిందని కాదు సుమా. కానీ ఒక విషయం నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఇంకెవరికి చెప్పుకోను? ఆవుకు చెప్పాను, అది వినలేదు.

ఆరోజు తిమిషోరలో ఉత్తరం డబ్బాలో పడేసి రైలెక్కాను కదా. పెట్టెలో ఎదురుగా ఒకావిడ కూర్చుంది. ఇంచుమించు నా వయసే. నల్ల తలగుడ్డ, ఎడమ కంటికి గుడ్డపట్టీ. క్లూజ్‌లో కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి వెళ్తోందట. మన మాటే మాట్లాడుతోంది కానీ యాస వేరు.

నేను సంచి విప్పి పంది కొవ్వు ముక్క కోసుకు తింటున్నాను. అవును, పస్కా ముందు ఉపవాసాల్లోనే. కావాలనే తింటున్నాను. ఆవిడ కాసేపు చూసి, "ఉపవాసం లేదా అక్కా?" అంది.

"దేవుడికీ నాకూ మాటల్లేవు" అన్నాను.

"అట్లాగా! ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది."

"ఓస్, నెలేనా? నేను ఒకసారి రెండేళ్ళు మాట్లాడలేదు. నువ్వింకా కొత్త" అంది. అని తన సంచిలోంచి ఉల్లిపాయ తీసి, "ఇది నంజుకో, ఉత్త కొవ్వు దిగదు" అని చేతిలో పెట్టింది.

నాకు ఏడుపొచ్చిందే. అప్పటిదాకా ఒక్క చుక్క రాలేదు, ఆ ఉల్లిపాయ పట్టుకుని భోరుమన్నాను. అంతా చెప్పేశాను. గవ్రీల్, చీటీ, ఫాదర్, నువ్వు. ముక్కూ మొహం తెలియని మనిషికి. "దేవుడంటేనే కోపం వస్తోంది" అన్నాను.

"కోప్పడు, తప్పేముంది? లేనివాడి మీద ఎవరైనా కోప్పడతారా?" అంది. తర్వాత, "మాది నదికి అవతలి ఒడ్డు" అంది.

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

వాళ్ళాయన చేపలు పట్టేవాడట. ఆ రోజుల్లో వలలో చేపలతో పాటు మన పిల్లలు కూడా దొరికేవాళ్ళట. జేబుల్లో కాగితాలుండేవి కావు, ఉన్నా నాని ముద్దయిపోయేవి. ఊరి శ్మశానంలో ఓ మూల పాతిపెట్టేవాళ్ళు, సిలువ మీద రాయడానికి పేరుండేది కాదు. అప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు ఒక పని చేశారు. తలా ఒక సమాధి పంచుకున్నారు. "మాలో ఒకరు చెప్పిందేం కాదు, ఫాదర్ పెట్టిందీ కాదు. కోలికా అనే ముసలామె ముందు ఒకదాని దగ్గర కూర్చుని రొట్టె పెట్టింది. మర్నాడు నేను ఇంకోదాని దగ్గర కూర్చున్నాను. అట్లా" అంది.

నేను అడిగాను: "నీ వంతుకొచ్చిన పిల్లాడు ఎలా ఉన్నాడు? జుట్టు నల్లగా, ముందు పన్ను కొంచెం విరిగి..."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "కాదమ్మా. నా వాడిది ఎర్ర జుట్టు. నీకు ఆశ పెట్టి పాపం కట్టుకోను. నీవాడు కాదు" అంది.

ఆ 'నా వాడు' అన్న మాట విన్నావా? కనలేదు, పెంచలేదు. నీళ్ళలోంచి తీసిన శవం. 'నా వాడు' అంటోంది.

"పేరు తెలియదు కదా, మరి ప్రార్థనలో ఏమని చెబుతావు?" అన్నాను.

"ప్రభువా, వీడి పేరు వీళ్ళమ్మకు తెలుసు, నీకు తెలుసు. రొట్టె చేసే పని మాత్రం నాకిచ్చావు, అది చేశాను అంటాను" అంది.

ఆవిడ కొడుకు ఇప్పుడు వాళ్ళ దేశపు యుద్ధంలో ఉన్నాడట. సైన్యంలోకి పట్టుకుపోయారట. పోయిన అక్టోబరు నుంచి కబురు లేదు. "నేనూ ఇంకా బతికినవాళ్ళ వైపే రాస్తున్నా. తప్పో ఒప్పో నాకూ తెలియదు. ఎక్కడో ఏ తల్లో వాడికింత రొట్టె పెడుతుందని మాత్రం నాకు గట్టి నమ్మకం. నిజం తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి నిజం చెబితే వాళ్ళ కాళ్ళు కడుగుతా. చేదు నిజమైనా సరే" అంది.

క్లూజ్‌లో దిగేటప్పుడు నా నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. ఒంటి కన్నుతో మెట్లు తడుముకుంటూ దిగింది. పేరు కూడా అడగలేదు నేను, బుద్ధిలేనిదాన్ని.

ఇంటికొచ్చి చాలా ఆలోచించాను చెల్లీ. ఐదేళ్ళుగా దేవుణ్ణి నేను అడిగింది ఒక్కటే: నా కొడుకును నాకివ్వు. ఇవ్వలేదు. ఆ నది మీద ఆయన లేనే లేడనుకున్నాను. కానీ ఉన్నాడే! ఎవరి బిడ్డకో పోయినచోట కూడా ఒక తల్లినిచ్చాడు. నాకు చెప్పకుండా, నన్ను అడగకుండా. పస్కా రోజు చర్చికి వెళ్ళాను. తలుపు దగ్గరే నిలబడ్డాను, కానీ వెళ్ళాను. ఫాదర్ ఇరిమీయ "క్రీస్తు లేచాడు" అంటే, "నిజంగా లేచాడు" అని నా నోటి నుంచి వచ్చింది. పోయిన ఏడాది అలవాటుకొద్దీ అన్నాను. ఈ ఏడాది పటం వైపు చూసి అన్నాను.

అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. నెల తిరక్కుండా నువ్వు ఊరికే ఆ పేరు సిలువ కింద రాసేదానివి కాదు. చీమను తొక్కినా ఏడ్చేదానివి. నీకేదో తెలుసు. చెప్పు. మునుపైతే తట్టుకోలేకపోయేదాన్ని. ఇప్పుడు తట్టుకుంటాననే అనుకుంటున్నాను. తట్టుకోలేకపోయినా చెప్పు.

సవేత

—

ఒర్షోవ
1993 మే 3

అక్కా,

నిజంగా లేచాడు.

చెబుతాను. కాగితం తడిసినచోట అక్షరాలు సరిగ్గా కనబడకపోతే మన్నించు.

బస్సు అబద్ధం. గవ్రీల్ వచ్చిన రోజే చెప్పాడు, "పిన్నీ, నేను అవతలికి పోతున్నాను" అని. వద్దని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అవ్రామ్ తిట్టాడు. వాడు నవ్వాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసినచోట దిగుతాను" అన్నాడు. వాడికి తెలిసినచోటు సుడిగుండం అక్కా. అక్కడ దిగితే చావు ఖాయం. అందుకని మంచిచోటు నేనే చూపించాను. నేనే. ఈ వేలితో. కాపలా పడవ ఎప్పుడు వస్తుందో కూడా నేనే చెప్పాను, ఈ ఒడ్డున ఉండేవాళ్ళకు అది తెలిసిన లెక్కే.

బయల్దేరే ముందు మొక్కజొన్న సంకటి, పెరుగు పెట్టాను. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. "అమ్మ చేసినంత గట్టిగా లేదు పిన్నీ" అన్నాడు వెధవ. పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడుముకు కట్టాను. "అమ్మకు ఇప్పుడే చెప్పకు, చేరాక నేనే రాస్తా. తెలిస్తే అమ్మ పరుగెత్తుకొచ్చి నదిలో కూడా నన్ను కొడుతుంది" అన్నాడు. మాటిచ్చాను.

తెల్లారే వేళకు నది మీద పొగమంచు దట్టంగా ఉంది. ఒడ్డున విల్లో చెట్ల కింద నిలబడ్డాను. సగం దాటాడు. బాగా ఈదుతున్నాడు అక్కా, తల నాకు కనబడుతూనే ఉంది. అప్పుడు గాలి లేచి మంచు విడిపోయింది. ఆ రోజు పడవ ముందే వచ్చింది. వాడు చూశాడు, మునిగాడు. పడవ వాణ్ణి చూడనేలేదు, దాని దారిన అది పోయింది. వాడు తేలలేదు. నేను లెక్కపెట్టాను. ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తులేదు. ఒక్కసారి చెయ్యి పైకి కనబడింది, చాలా దిగువన. తర్వాత లేదు.

నేను అరవలేదు అక్కా. అరిస్తే పడవ వెనక్కి తిరిగి వాణ్ణి తీసేదేమో. తీసి జైల్లో వేసేవాళ్ళు, మమ్మల్నీ వేసేవాళ్ళు. కానీ వాడు బతికేవాడేమో. భయపడ్డాను. తలగుడ్డ నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఆ నోరు ఇప్పటిదాకా తెరవలేదు.

తర్వాత నీకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఒక్క అబద్ధం, దాన్ని నిలబెట్టడానికి ఐదేళ్ళ అబద్ధాలు. చీటీ ఎందుకు రాశానంటే, చేతిలో కొవ్వొత్తి లేకుండా పోయినవాడు చీకట్లో నడుస్తాడంటారు కదా. వాడికి వెలుగు పట్టేవాళ్ళు ఎవరు? నువ్వు బతికినవాళ్ళలో రాస్తున్నావు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చంపడానికి రాయలేదు అక్కా. దారి కనబడాలని రాశాను.

నన్ను మన్నించమని అడిగే మొహం నాకు లేదు.

దొమ్నిక

—

వలేని
1993 జూన్ 6, పెంతెకొస్తు ఆదివారం

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. రెండో కాగితం దగ్గర ఆగిపోయాను. పశువుల కొట్టంలోకి వెళ్ళి గడ్డిలో మొహం పెట్టి అరిచాను. నువ్వు అరవని అరుపు కూడా నేనే అరిచాననుకో. రెండు రోజులు పాలు పితకలేదు, పక్కింటివాళ్ళు వచ్చి పితికారు.

నిన్ను మన్నించానో లేదో నాకింకా తెలియదు. ఒక పూట మన్నిస్తాను, మరో పూట ఆ ఒడ్డున నీ స్థానంలో నేనుంటేనా అనుకుని పళ్ళు కొరుక్కుంటాను. కానీ ఇప్పుడు దీపం వెలిగిస్తున్నాను, వెలిగించి "ప్రభువా, మా చెల్లిని మన్నించే బలం ఇవ్వు" అంటున్నాను. మునుపు అడిగినవి ఇవ్వలేదు కదా, ఇదైనా ఇవ్వకపోతే ఊరుకోనని కూడా చెప్పాను. ఇస్తాడు. ఆ నమ్మకం కుదిరింది నాకు. వాడు సంకటి రెండోసారి వేయించుకున్నాడన్నావు చూడు, అది చదివినప్పుడు మాత్రం నీ చేతులు పట్టుకోవాలనిపించింది.

నిన్న శనివారం, వేసవిలో వచ్చే పోయినవాళ్ళ శనివారం. శుక్రవారం కూర్చుని చీటీ రాశాను. ఎడమ పక్క రెండే పేర్లు మిగిలాయి, నీదీ అవ్రామ్‌దీ. కుడి పక్క గవ్రీల్ అని రాయడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఫాదర్ ఇరిమీయ చీటీ తీసుకుని, నా చెయ్యి కాసేపు పట్టుకున్నాడు. మంచి పిల్లాడే. నాకే అప్పుడు కనబడలేదు. అంతమంది పేర్ల మధ్య గబగబా చదువుకుంటూ పోయాడు, గవ్రీల్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

తర్వాత ఆచారం ప్రకారం కుమ్మరి దగ్గర కొత్త మట్టి కప్పులు తెచ్చి, పాలు పోసి, పిడికెడు చెర్రీ పళ్ళు పెట్టి ఇంటింటికీ పంచాను. తీసుకున్నవాళ్ళు పోయిన మనిషి పేరు చెప్పి దేవుడు మన్నించుగాక అనాలి కదా. 

ఐదేళ్ళుగా ఊళ్ళో ఎవ్వరూ నా ఎదుట వాడి పేరు ఎత్తలేదు దొమ్నికా. నేను బావి దగ్గరికి వస్తే మాటలు మార్చేవాళ్ళు. వాడి పేరు పలికే నోరు ఈ ఊళ్ళో నాదొక్కటే అయిపోయింది. నిన్న గుమ్మం గుమ్మం దగ్గరా విన్నాను. "దేవుడు గవ్రీల్‌ను మన్నించుగాక." వాడితో బడికెళ్ళినవాళ్ళు అన్నారు, వాణ్ణి తిట్టిన పంతులు అన్నాడు, ఒకప్పుడు వాడు ఇష్టపడిన పిల్ల చంకలో బిడ్డతో వచ్చి అంది. నాకు నా కొడుకును ఊరంతా తిరిగి ఇచ్చినట్టనిపించింది. అన్ని ఇళ్ళ ముందూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

చివరి ఇల్లు ముసలి తొదోసీయది. ఆమెకు బ్రహ్మచెవుడు. కప్పు అందుకుని, "ఎవరి పేరున తల్లీ?" అని అడిగింది. చెప్పాను. వినబడలేదు. మళ్ళీ చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరూ? ఎవరు పోయారు?" అంది. అప్పుడు వీధి వీధంతా వినబడేలా అరిచాను, "గవ్రీల్! నా కొడుకు! పోయాడు!" అని.

ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

తొదోసీయ కప్పును రెండు చేతులతో పట్టుకుంది. "దేవుడు గవ్రీల్‌ను మన్నించుగాక" అంది. నేను "ఆమేన్" అన్నాను.

నీ అక్క,
సవేత